మా గల్లీ మీద పడిన ఎర్రరంగు

ఆ పటాన్ని బస్తీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది మా అన్నే. గర్వంతో పెట్టాడు.

ఆయన కూతురు ఎమ్మెస్సీలో జంతుశాస్త్రం చదువుతోంది. చదువు చివర చేయాల్సిన ప్రాజెక్టు కోసం హైదరాబాదు పటం తీసుకుని, నాగుపాము బతకడానికి ఏ ప్రాంతం ఎంత అనువుగా ఉంటుందో రంగుల్లో చూపించింది. అనువుగా లేని చోట నీలం, కొంచెం నయమైతే పసుపు, ఆపైన నారింజ, అన్నిటికంటే అనువైన చోట ఎరుపు. ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ ఫోన్‌లో చూపించింది. మా అన్నకు ఇంగ్లిషు చదవడం రాదు. మూసీ వంపును గుర్తుపట్టి, అక్కడి నుంచి వేలు కిందికి జరుపుతూ మేముండే ఛత్రినాకకు వచ్చాడు. చుట్టూ పసుపు, నారింజ. మా గల్లీ ఉన్న చోట చిక్కటి ఎరుపు.

"మనదే ఫస్టు వచ్చింది," అన్నాడు.

పటాన్ని తన ఫోన్‌కు పంపించుకున్నాడు. "గిది మా బిడ్డ చేసింది. అన్ని బస్తీల కన్న మన గల్లీకే ఎక్కువ రంగు వచ్చింది," అని గొంతు రికార్డు చేసి, పటంతో పాటు గ్రూపులో వదిలి, బర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. పాలు పిండి బయటికి వచ్చేసరికి గేటు ముందు మనుషులున్నారు.

నేను అదే ఇంట్లో మేడమీద ఉంటాను. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. వయసులో ఉన్నప్పటి నుంచి హేతువాద సభల్లో మాట్లాడుతున్నాను, వ్యాసాలు రాస్తున్నాను. పాము పాలు తాగదని, పగబట్టదని, దాని తలలో మణి ఉండదని నాగుల పంచమి నాడు మా గేటు పక్కనే నిలబడి చెప్పేదాన్ని. పాలకోసం వచ్చిన ఆడవాళ్ళు మర్యాదగా విని, పాలు పోయించుకుని పుట్ట దగ్గరికి వెళ్ళేవాళ్ళు. బేరం చెడగొట్టకని మా అన్న కళ్ళతో సైగ చేసేవాడు.

మా కిటికీ తెరిస్తే కనిపించేది కొట్టం రేకులు. మా నాయన కాలం నుంచి ఉన్న కొట్టం అది. ఇంటి వెనక స్థలం, బర్రెలు, ఒక మూల వరిగడ్డి, దాని పక్కన దాణా బస్తాలు, గోడ వెంట మురికినీళ్ళు పారే మోరీ. పట్నం నడుమ ఇలాంటి కొట్టం ఎవరూ అభ్యంతరం చెప్పనంత కాలమే నడుస్తుంది. ఒక్క ఫిర్యాదు పోతే చాలు. చుట్టుపక్కల గల్లీల్లో ఒక్కొక్కటిగా ఎత్తేశారు. మా అన్నకు వేరే పని రాదు. ఆయన వయసులో ఇంకో పని నేర్చుకోమని ఎవరూ అనలేరు.

ఆ సాయంత్రం గేటు ముందు మాట్లాడింది కిరాణా సేఠ్. గల్లీ మొదట్లో ఆయన దుకాణం. బస్తీ సంఘానికి ఆయనే పెద్ద. ఇంగ్లిషు చదవగలడు కాబట్టి పటం కింద ఉన్న నాగుపాము పేరు చదివి అందరికీ చెప్పాడు.

"దేఖో భాయ్," అన్నాడు మా అన్నతో. "మన గల్లీల నాగుబాములు మస్తుగున్నయని నీ బిడ్డనే రాసింది."

"మస్తుగున్నయని కాదు సేఠ్. గవి ఉండెతందుకు మంచిగుంటదని."

"పాముకు మంచిగుండుడేంది? కొట్టం కిరాయికిస్తున్నవా దానికి?"

నవ్వారు. మా అన్న కూడా నవ్వాడు. అప్పుడు వెనక నుంచి ఒకామె ముందుకు వచ్చింది. మా కొట్టం గోడకు ఎదురింట్లో అద్దెకుంటుంది. భర్త బండి మీద సామాన్లు ఇచ్చే పని చేస్తాడు. నడక నేర్చుకుంటున్న కూతురు చంకలో ఉంది. ఆమె నవ్వలేదు.

"మా తమ్ముడు గడ్డివాము కాడ పాము కరిచి పోయిండు," అంది. "మా ఊర్ల. గడ్డి గుంజెతందుకు చెయ్యి పెట్టిండు. గంతే." తర్వాత మా అన్నను చూసి నెమ్మదిగా అడిగింది. "కొట్టం ఎప్పుడు తీస్తరు మామా?"

నవ్విన వాళ్ళందరూ కిందికి చూశారు.

సేఠ్ గొంతు సవరించుకున్నాడు. ఆదివారం పొద్దున దుకాణం ముందు కూర్చుందామన్నాడు. కొట్టం ఉండాలో వద్దో అక్కడే తేలుతుంది. తీయాలని తేలితే సంఘం తరఫున మునిసిపాలిటీకి చెప్తారు. మా అన్న తల ఊపాడు. పాలక్యాన్ ఇంకా చేతిలోనే ఉంది.

వాళ్ళు వెళ్ళాక ఆయన మెట్లెక్కి నా గదికి వచ్చాడు. మోకాళ్ళ నొప్పి వచ్చాక ఆయన మేడ ఎక్కడం మానేశాడు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"చెల్లె, నీ మాటింటరు ఈళ్ళు. ఆదివారం లేచి ఒక్క మాట చెప్పు. పాముల్లేవని."

"నాకు తెల్వదు గదన్నా."

"నాకు తెల్సు. పుట్టినప్పట్నుంచి గా కొట్టంల్నే ఉన్న. ఎన్నడన్న కండ్ల పడ్డదా?"

"నీ కండ్ల పడకుంటే లేనట్టేనా?"

ఆయన నావైపు అదోలా చూశాడు. "సభల నువ్వు గట్లనే అంటవు గద. దేవుణ్ణి ఎవరన్న చూసిండ్రా, చూస్తే చూపెట్టుండ్రి అంటవు. చూపెట్టకుంటే లేడంటవు. దేవునికొక లెక్క, పాముకొక లెక్కనా?"

ఇన్నేళ్ళ సభల్లో ఏ పండితుడూ నన్ను అంత సూటిగా అడగలేదు. జవాబు నా దగ్గర ఉంది. ఉందని ఎప్పుడూ నమ్మాను. గడ్డివాములో పాము ఉందంటే అది ప్రపంచంలో రోజూ జరిగే విషయం. దానికి తినడానికి ఎలుకలు కావాలి, దాక్కోవడానికి సందు కావాలి, తాగడానికి నీళ్ళు కావాలి. అవన్నీ మా కొట్టంలో ఉన్నాయి. ఉండగలిగిన దాన్ని లేదని చెప్పాలంటే వెతికి చెప్పాలి. దేవుడిలా, ఏ పరీక్షకూ దొరకకుండా చేసి పెట్టిన దాని సంగతి వేరు. కాని ఆ తేడా చెప్పడం మొదలుపెడితే ఆయన బర్రెలకు ఏం ఒరుగుతుంది?

"చూస్తనన్నా," అన్నాను. ఆయన లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు. ఒప్పుకున్నానని అనుకున్నాడు.

ఆ వారం నా సంగతి నేను చెప్పాలి. స్నానాల గదిలోకి వెళ్ళే ముందు బకెట్టును కాలితో కదిపేదాన్ని. చెప్పులు తిరగేసి దులిపి వేసుకునేదాన్ని. కిటికీలోంచి కొట్టం వైపు చూస్తే గడ్డి నాకు గడ్డిలా కనిపించేది కాదు. దేనికీ భయపడొద్దని జనానికి చెప్పే మనిషికి ఈ భయం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. దేనికీ భయపడొద్దని నేనెప్పుడూ చెప్పలేదు. ఏది ఎంత భయపెట్టాలో తెలుసుకోమన్నాను. ఆ వారం నాకు తెలియనిది సరిగ్గా అదే. ఎంత?

గేటు ముందు గొడవ జరిగిన మర్నాడే మేనకోడల్ని కూర్చోబెట్టుకుని ఆ పటం ఎలా తయారైందో చెప్పమన్నాను. పిల్ల ముఖం పీక్కుపోయి ఉంది.

"నాతోని బాపు కొట్టం పోతదా అత్తా?"

"ముందు నాకు చెప్పు. ఇందులో పాముల్ని ఎవరు లెక్కపెట్టారు?"

"ఎవ్వరూ లెక్కపెట్టలే. గదే గద నేను మొత్తుకునేది."

ఆమె చెప్పిన దాన్ని నాకు అర్థమైన మేరకు రాస్తాను. నాగుపామును చూసినవాళ్ళు ఫోన్‌లో ఫొటో తీసి, చోటుతో సహా ఒక యాప్‌లో పెడతారు. ఆ చుక్కలన్నీ పటం మీద వస్తాయి. ఆ చుక్కలున్న చోట్ల నీళ్ళు ఎంత దూరం, ఖాళీ నేల ఎంత, చెట్లు ఎన్ని, పశువులున్నాయా, ఎలుకలకు చోటుందా, ఎండ ఎంత అని కంప్యూటరు చూస్తుంది. తర్వాత నగరమంతా తిరిగి, అలాంటి పోలికలున్న చోట్లను వెతికి రంగులేస్తుంది. ఇలాంటి చోట ఇది బతకగలదు అంటుంది. బతుకుతోందని అనదు. ఎన్ని బతుకుతున్నాయని అసలే అనదు.

"అయితే ఎరుపున్న చోట పాములు ఎక్కువ ఉండవా?"

"ఉండొచ్చు. ఉండకపోవొచ్చు. నీలం ఉన్నకాడ మాత్రం ఎక్కువ ఉండుడు కష్టం. కంప్యూటర్ గంతవరకే చెప్తది. శాస్త్రంల కూడ దీని మీదనే మస్తు లొల్లి ఉన్నది అత్తా. అనువు చూసి సంఖ్య చెప్పొచ్చా చెప్పరాదా అని."

నాకు హుస్సేనీ ఆలంలో నేను పనిచేసిన బడి గుర్తొచ్చింది. బడి వెనక నవాబుల నాటి భవంతి, ఒక పాత దేవిడీ ఉండేది. నడవాలు, నడుమ నీళ్ళ హౌజు, ఎత్తయిన కప్పులు. ఊళ్ళో ఎవరికి చూపించినా ఎంతమందైనా ఉండవచ్చంటారు. అందులో ఒక ముసలాయన, ఆయన మేక ఉండేవాళ్ళు. దాని ప్రహరీకి ఆనుకుని ఒక రేకుల గది. అందులో ఎవరూ ఉండలేరనిపిస్తుంది. అందులో మూడు తరాల కుటుంబం ఉండేది. వాళ్ళ పిల్లలు నా దగ్గర చదువుకున్నారు. ఇల్లు ఎంత బాగుందో చెప్పే మనిషి ఇంట్లో ఎంతమందున్నారో చెప్పలేడు. వారసులు కోర్టుల్లో ఉన్నారా, కప్పు కారుతోందా, వీధిలో గొడవలయ్యాయా, ఇవన్నీ ఇంటి కొలతల్లో దొరకవు. పాముకూ అంతే. చోటు మంచిదే కావచ్చు. రోడ్డు దాటి అక్కడికి చేరే దారి లేకపోవచ్చు. చేరినవాటిని మనుషులు కొట్టి చంపి ఉండవచ్చు.

ఇంతవరకు అర్థమైంది. కాని మా గల్లీకే అంత ఎరుపు ఎందుకు? మోరీలు అన్ని గల్లీల్లో ఉన్నాయి. ఎలుకలు అన్ని గల్లీల్లో ఉన్నాయి. కొట్టంలో పాముకు అంతకంటే ఏం దొరుకుతుంది?

"మన గల్లీలో చూసినట్టు ఎవరైనా పెట్టారా?" అని అడిగాను.

"మస్తు చుక్కలున్నయ్. అందుకే గద ఎర్రగయ్యింది."

మస్తు చుక్కలంటే ఇంతమంది ఇన్నిసార్లు ఇక్కడ నాగుపామును చూశారు. నేను పుట్టి పెరిగిన గల్లీలో, నాకు తెలియకుండా. అయితే ఎదురింటి ఆమె అడిగిందే న్యాయం.

"ఆ ఫొటోలు చూపించు," అన్నాను.

ఆమె ఒక్కొక్కటి తెరిచింది. పడగ విప్పిన పాము. ఇంకో ఫొటోలో పడగ విప్పిన పాము, కొంచెం పక్కనుంచి. మూడో దాంట్లో పాము వెనక ఏదో అల్లిక అంచు కనిపించింది. నాలుగో దాంట్లో నీలంరంగు ఇనుప గేటు. దాని మీద పెచ్చు లేచిపోయిన చోటు కూడా నాకు తెలుసు. మా గేటు. పాము ముందు పళ్ళెంలో పాలు.

"ఇది ఎప్పటిది?"

ఆమె తేదీ చూసింది. శ్రావణం. మిగతావీ చూసింది. అన్నీ శ్రావణంలోవే.

నాగుల పంచమి పొద్దున పాలకోసం ఆడవాళ్ళు మా గేటు ముందు వరస కడతారు. పాములవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఆడవాళ్ళు, పాలు, చిల్లర ఒకేచోట దొరికే స్థలం పాలకొట్టం. పామును పట్టుకుని తిరగడం నేరమైనా ఇంకా ఒకరిద్దరు వస్తూనే ఉన్నారు. బుట్ట మూత తీస్తారు. కాలేజీ పిల్లలు ఫోన్లు తీస్తారు. చూసిన పామును యాప్‌లో పెడతారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. నాగుపాము, ఛత్రినాక, ఫలానా గల్లీ. అన్నీ నిజాలే. ఒకే పాము ఈ కొట్టం నుంచి ఆ కొట్టానికి బుట్టలో తిరిగి, కొట్టాలున్న ప్రతి గల్లీలోనూ చుక్కలు పెట్టి పోయింది. వాటిని చూసి కంప్యూటరు నేర్చుకుంది, నాగుపాముకు కొట్టమంటే ఇష్టమని.

"బహదూర్‌పురాలో జూ ఉంది కదా," అన్నాను. "అక్కడ తీసిన ఫొటోలు కూడా వేశావా?"

"లేదత్తా. జూ ఫొటోలు మొదాల్నే తీసేసిన. గది అందరూ చేస్తరు." తల పట్టుకుంది. "గీ బుట్టల పాము నాకు యాదికే రాలే. నేనే మొన్నటిదాక గేటు కాడ పాలు పోసిన దాన్ని."

కాలేజీలో తన ప్రాజెక్టు చూసే గైడుకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన కోప్పడలేదట. ఆ చుక్కలు తీసేసి మళ్ళీ చేయమన్నాడట. చేసింది. ఎరుపు పోయింది.

కాని నీలం రాలేదు. మా గల్లీ నారింజకు వచ్చి ఆగింది. మోరీ, ఎలుకలున్న చోటు, పక్కన ఖాళీ ప్లాటు, వీటిని కంప్యూటరు మర్చిపోలేదు.

మా అన్న ఆ కొత్త పటాన్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఎర్రది పోయింది గద. గిదే గ్రూపుల పెట్టు."

"బాపూ, నారింజ అంటే కూడ మంచిగనే ఉంటదని."

"మంచిగుంటే?"

"ఉండొచ్చని."

"ఉండొచ్చు, పోవొచ్చు. నీకు చదువు చెప్పినోళ్ళు ఒక్కటన్న గట్టిగ చెప్పరా?" అని విసుక్కుని, నావైపు తిరిగాడు. "చెల్లె, నువ్వు మాత్రం గట్ల నాన్చకు. లేవని చెప్పు."

ఆదివారం వచ్చింది. దుకాణం ముందు బల్లలు వేశారు. నేను సభలకు కొత్తదాన్ని కాదు. వేదిక మీద తిట్లు తిన్నాను, మైకు లాక్కున్నవాళ్ళను చూశాను. ఆ పొద్దున లేచి నిలబడటం వేరు. ఎదుట ఉన్నది ప్రత్యర్థులు కాదు. పక్కన కూర్చున్నది నా తోడబుట్టినవాడు. ఆయన నా నోటివైపే చూస్తున్నాడు.

వాదంలో ఎదుటి పక్షాన్ని ముందు చెప్పాలని నాకు నేర్పారు. ఎదుటివాళ్ళు తమ మాటను గుర్తుపట్టి, అవును మేం అనేది ఇదే అనేంత న్యాయంగా చెప్పాలి. ఎదురింటామె తమ్ముడి చావుతో మొదలుపెట్టాను. ఆమె భయం వెర్రిది కాదన్నాను. గడ్డి, ఎలుకలు, నీళ్ళు ఉన్న చోట పామును అనుమానించడం తెలివైన పనేనన్నాను. తర్వాత ఫొటోల సంగతి చెప్పాను.

"అంటే," అన్నాడు సేఠ్, "మన దగ్గర పైసలు తీసుకుని పోయిన పామే మన గల్లీని బద్నాం చేసిందా?"

జనం నవ్వారు. గట్టిగా నవ్వింది పంచమి నాడు వరసలో మొదట నిలబడే ఆడవాళ్ళే. నాకు ధైర్యం వచ్చింది. అనువు వేరు, సంఖ్య వేరు అని దేవిడీ కథ చెప్పాను. కొంత కోపంగానే మాట్లాడాను. జాతకంలో శని ఉన్న గడి చూసి బెదిరే మనం పటంలో ఎర్రరంగు చూసి బెదిరితే, నేర్చుకున్నదేమిటన్నాను. కంప్యూటరు చెప్పింది కాబట్టి నమ్మితే అది విజ్ఞానం కాదన్నాను. ఏం చెప్పింది, దేన్ని చూసి చెప్పింది, ఏది చెప్పలేదు అని అడిగితేనే విజ్ఞానమన్నాను.

సేఠ్ ఓపిగ్గా విన్నాడు. "సబ్ ఠీక్ టీచరమ్మా. సీదా చెప్పు. పాము ఉన్నదా, లేదా?"

మా అన్న ముందుకు వంగాడు.

"తెలియదు," అన్నాను.

గల్లీలో చిన్న కలకలం. మా అన్న నెమ్మదిగా వెనక్కి వాలాడు. తిట్టినా నయమనిపించింది.

"తెల్వకుంటే గింతసేపు ఎందుకు చెప్పినవమ్మా?" అని ఎవరో అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

ఎదురింటామె లేచింది. "మీరు ఉన్నదంటలేరు, లేదంటలేరు. మా పిల్ల ఆ గోడ పట్టుకునే నడుస్తది. నేనేం చెయ్యాలె?"

నేను నోరు తెరిచే లోపల మా అన్న లేచాడు. "ఏం చేసుడు లేదు. పాండ్రి. మీ కండ్లతోనే చూద్దురు," అని కొట్టం వైపు నడిచాడు. గల్లీ అంతా వెనక కదిలింది.

బర్రెల్ని బయట కట్టేశాడు. పంచె ఎగ్గట్టి, కొంకికర్ర తీసుకుని, గడ్డివాము ముందు నిలబడ్డాడు. మేనకోడలు పాములను పట్టి అడవిలో వదిలేవాళ్ళకు ఫోన్ చేసి పిలుద్దామంది. ఆయన వినలేదు. పైనుంచి ఒక్కొక్క కట్ట కొంకితో లాగి పక్కకు వేస్తున్నాడు. ఒక కట్ట తీసిన ప్రతిసారీ జనం అడుగు వెనక్కి వేస్తున్నారు, మళ్ళీ అడుగు ముందుకు వేస్తున్నారు. ఎదురింటామె పిల్లను భర్తకిచ్చి, ముందు వరసలో నిలబడింది. ఆమె చూస్తున్నది గడ్డిని కాదు, మా అన్న చేతిని.

పాము కనిపిస్తే కొట్టం పోతుంది. దాన్ని అప్పటికప్పుడు కర్రలతో చంపేస్తారు కూడా. కనిపించకుండా అక్కడే ఉంటే మా అన్న చెయ్యి దాని మీద పడుతుంది. రెండు భయాలు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. కనిపించకూడదని కోరుకోవాలో, అది ఉంటే ముందే కనిపించాలని కోరుకోవాలో తెలియలేదు.

అడుగు కట్టల దగ్గరికి వచ్చేసరికి ఏదో సర్రున కదిలింది. ఒక పందికొక్కు బయటపడి సేఠ్ కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయింది. సేఠ్ అంత వేగంగా అరుగెక్కగలడని గల్లీకి ఆ రోజే తెలిసింది. నవ్వులు సద్దుమణిగాక మా అన్న చివరి కట్ట తీశాడు. నేల కనిపించింది. ఎలుకల బొక్కలు, పాత గోనె ముక్క, తేమ. ఇంకేం లేదు.

"చూసిండ్రా?" అన్నాడు మా అన్న. చెమటతో, గడ్డి పొడితో ముఖం మెరుస్తోంది. "ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు, ఏం లేదు," అన్నారు జనం. సేఠ్ అరుగు మీద నుంచే చెయ్యి ఊపాడు. "బస్, అయిపోయింది. కొట్టం ముచ్చట బంద్." ఎవరో మా అన్న భుజం తట్టారు. వదినె కళ్ళు తుడుచుకుంది.

ఎదురింటామె నా దగ్గరికి వచ్చింది. ముఖం తేలికపడి ఉంది. "ఇగ భయం లేదు గద టీచరమ్మా? లేదని తేలిపోయింది గద?"

మా అన్న విన్నాడు. కొంకి పట్టుకుని ఆగి, నన్ను చూశాడు. గల్లీ మొత్తంలో ఆ క్షణాన నా జవాబు కోసం ఆగింది వాళ్ళిద్దరే.

ఊరుకుంటే చాలు. తల ఊపినా చాలు. కాని ఒక పొద్దున, జనం అలికిడిలో, గడ్డివాములో కనిపించనంత మాత్రాన లేదని ఎలా అనగలను? ఆ బొక్కల్లో ఎవరూ చూడలేదు. మోరీలో చూడలేదు. ఖాళీ ప్లాటులో చూడలేదు. ఒక్కసారి మొక్కితే జ్వరం తగ్గిందని చెప్పేవాళ్ళతో జీవితమంతా కొట్లాడిన దాన్ని. ఒక్కసారి వెతికితే పాము లేదని తేలిందని ఈ తల్లితో అనిపించి, ఆమె పిల్లను ఆ గోడ పక్కకు పంపించనా?

"ఈ రోజు ఇక్కడ కనిపించలేదమ్మా," అన్నాను. "అంతే తెలిసింది. ఎలుకలున్నాయి. ఎలుకలున్నంత కాలం అది రావచ్చు. పిల్లను కనిపెట్టుకుని ఉండు."

ఆమె ముఖంలో వచ్చిన తేలిక పోయింది. అది పోవడం చూడటం కష్టంగా ఉంది. చుట్టూ మాటలు ఆగాయి. సేఠ్ అరుగు దిగి, మళ్ళీ మొదటికి తెచ్చావా అన్నట్టు చూశాడు. మా అన్న కొంకిని నేలకు కొట్టి, "నా ఇంట్ల పుట్టిన నోరేనా గిది?" అన్నాడు.

మాట్లాడింది ఎదురింటామె.

"అయితే మామా," అంది, "కొట్టం ఉండనియ్యి. గని గడ్డి నేల మీద పెట్టకు. బల్ల కట్టి ఎత్తు మీద పెట్టు. దాణా డ్రమ్ములల్ల పెట్టి మూతెయ్యి. ఆ బొక్కలు మూపియ్యి. ప్రతి ఆదివారం ఇట్లనే మొత్తం దించాలె. నేను చూడాలె. కనబడ్డనాడు పాములు పట్టేటోళ్ళను పిలుస్త, మునిసిపాలిటోళ్ళను పిలుస్త. ఆనాడు నువ్వు నన్నేమనొద్దు."

మా అన్న దించిన కట్టల కుప్పవైపు చూశాడు. ప్రతి ఆదివారం గడ్డి మొత్తం దించడం ఆయన మోకాళ్ళకు ఎంత పనో ఆమెకు తెలియదు. ఆయనకు తెలుసు.

"సరె బిడ్డా," అన్నాడు చివరికి.

సేఠ్ ఫిర్యాదు మాట ఎత్తలేదు. జనం విడిపోయారు.

అప్పటి నుంచి ఆదివారాలు అలాగే గడుస్తున్నాయి. మా అన్న నాతో అవసరానికి తప్ప మాట్లాడడు. పాలు వదినె చేత పైకి పంపిస్తాడు. బొక్కలు మూయించాడు. ఎలుకలు కొత్తవి తవ్వాయి. మళ్ళీ మూయించాడు. మేనకోడలు ప్రాజెక్టులో ఒక పేజీ కలిపింది, తన పటాన్ని సంఖ్యగా చదవకూడదని. ఆ పేజీ ఎవరు చదువుతారో తెలియదు.

ఈ ఆదివారం వాన పడుతోంది. కిందికి దిగేసరికి మా అన్న సగం కట్టలు దించాడు. ఎదురింటామె తన భర్త బూట్లు వేసుకుని వచ్చింది. అవి ఆమె కాళ్ళకు పెద్దవి. మా అన్న చెయ్యి నడుం మీదికి పోవడం చూసి, అడగకుండానే రెండో కొంకి తీసుకుంది.

"ముందుగాల కొంకితోని తట్టు బిడ్డా," అన్నాడు. "తట్టి, ఆగి, గప్పుడు గుంజు."

ఆమె తట్టింది. ముగ్గురం ఆగాం. రేకుల మీద వాన చప్పుడులో ఇంకో చప్పుడేమైనా ఉందా అని విన్నాం. తర్వాత ఆమె గుంజింది.